గుంత పొంగనాల పెనం లాంటి క్యువెట్ హీటర్: పద్నాలుగు నెలల అనుభవం

ముందే చెప్పేస్తున్నా. మీ పని 25 నుంచి 40 డిగ్రీల మధ్యే అయితే ఈ రివ్యూ మీకక్కర్లేదు. ఆ పరిధిలో ఈ హీటర్ భేషుగ్గా పనిచేస్తుంది, కళ్లు మూసుకుని కొనుక్కోండి. 80 డిగ్రీలు దాటి కొలిచేవాళ్లుంటే మాత్రం టీ కప్పు పక్కనబెట్టుకుని ఓపిగ్గా చదవండి. నా మూడు నెలల పని దీనివల్ల చెత్తబుట్టలోకి పోయింది. అందులో సగం తప్పు నాదే, ఆ సంగతి కూడా చెబుతాను.

వస్తువు ఏమిటంటే, స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రవం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) లోపల బిగించుకునే ఆరు గుంతల క్యువెట్ హోల్డర్. క్యువెట్ అంటే కొలవాల్సిన ద్రవం పోసే చిన్న చదరపు పారదర్శక గొట్టం. పెల్టియర్ పద్ధతిలో వేడి చేస్తుంది, చల్లబరుస్తుంది. కంప్రెసర్ లేదు, నీళ్ల గొట్టాలు లేవు. కరెంటు ఒకవైపు పారితే లోహం వేడెక్కుతుంది, రెండోవైపు పారితే చల్లబడుతుంది, అంతే. మన దేశంలోనే తయారైంది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి చేసే ప్రతి కంపెనీ వస్తువులోనూ ఇంచుమించు ఇదే లోపం ఉండొచ్చని నా అనుమానం. జీఎస్టీ 18 శాతం కలిపి లక్షా నలభై వేల చిల్లర అయింది. నేను ఉప్పల్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. నలభై మూడేళ్ల వయసులో పార్ట్ టైమ్ పీహెచ్‌డీకి దిగాను. ఆ లక్షా నలభైలో కాలేజీ ఇచ్చింది సగం. మిగతా సగం మా ఆయన ముందు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

దీనితో నాకేం పని అంటారా? వేడంటే పడిచచ్చే సూక్ష్మజీవులు మూడింటి నుంచి ఒకే ఎంజైమ్‌ను (కణంలో రసాయన చర్యను వేగంగా నడిపించే ప్రోటీన్‌ను) తీసుకుని పక్కపక్కన పెట్టి పోల్చడం నా పని. ఆ ఎంజైమ్ గ్లూటమేట్ డీహైడ్రోజినేజ్. గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియా ఊడదీసి, మిగిలిన ముక్కను శక్తి తయారయ్యే దారిలోకి పంపుతుంది. అవసరమైతే అదే దారిలో వెనక్కి నడిచి అమ్మోనియాను మళ్లీ తగిలిస్తుంది. మన కాలేయంలోనూ ఉంది, పప్పు మొక్కలోనూ ఉంది, మరిగే నీళ్లలో బతికే జీవిలోనూ ఉంది. ఇన్ని చోట్ల ఉంది కాబట్టే పోల్చడానికి బాగుంటుంది. ఒకే వంటకాన్ని పది ఇళ్లలో తిని చూసినట్టు.

నా మూడు జీవులు ఇవి. మొదటిది పైరోకాకస్ ఫ్యూరియోసస్. ఇటలీలో సిసిలీ పక్కనున్న వుల్కానో దీవి తీరంలో వేడి ఊటల దగ్గర దొరికింది, 1986లో ఫియాలా, స్టెట్టర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించారు. దానికి బాగా నచ్చేది 100 డిగ్రీలు. పేరుకు అర్థం ఉరికే నిప్పుబంతి. రెండోది థర్మోకాకస్ లిటోరాలిస్. అదీ ఇటలీ సముద్ర తీరానిదే, ఫ్యూరియోసస్‌కు దగ్గరి చుట్టమే, కాకపోతే దానికి బాగా నచ్చేది 85, 88 డిగ్రీల దగ్గర. మూడోది థర్మోటోగా మారిటిమా. ఇది పై రెండింటిలా ఆర్కియా (బ్యాక్టీరియాలా కనబడే వేరే జాతి సూక్ష్మజీవులు) కాదు, బ్యాక్టీరియా. కణం చుట్టూ వదులుగా ఒక తొడుగు వేలాడుతుంటుంది, రోమన్లు కప్పుకునే టోగా లాగా. మన లెక్కలో ఉత్తరీయం అనుకోండి. దానికి 80 డిగ్రీలు హాయి. పీసీఆర్ చేసేవాళ్లకు మొదటి రెండూ తెలియకుండానే తెలుసు. డీఎన్ఏకు నకళ్లు తీయడానికి ఫ్రీజర్‌లో దాచుకునే ఎంజైమ్‌లలో పీఎఫ్‌యూ పాలిమరేజ్ మొదటిదాని నుంచి, వెంట్ పాలిమరేజ్ రెండోదాని నుంచి వచ్చినవే.

ఆ జీవుల్ని నేను పెంచడం లేదు. ఆక్సిజన్ తగిలితే గిట్టనివాటిని మా కాలేజీ ల్యాబ్‌లో పెంచాలనుకోవడం పేడకుప్పలో పట్టుచీర ఆరేసినట్టే. వాటి జన్యువులు కృత్రిమంగా తయారు చేయించి తెప్పించి, ఈ కోలై (E. coli) అనే మామూలు బ్యాక్టీరియాలో పెట్టి, అది చేసిన ప్రోటీన్‌ను తీసుకుంటున్నాను. ఇందులో ఒక సుఖముంది. ఈ కోలై కణాలను పగలగొట్టి ఆ రసాన్ని 75 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే ఈ కోలై సొంత ప్రోటీన్లు చాలా వరకు విరిగిన పాలలా గడ్డకట్టి అడుక్కి పోతాయి. వేడికి తట్టుకునే మన ఎంజైమ్ మాత్రం పైన తేటలో ఉంటుంది. ప్రోటీన్లను వేరుచేయడానికి వేలకు వేలు పోసి కొనే కాలమ్‌ల పని సగం ఈ అరగంటలోనే అయిపోతుంది. ఫ్యూరియోసస్ ఎంజైమ్‌తో ఇంకో వింత కూడా ఉంది. ఆరు ముక్కలు కలిస్తేనే అది పనిచేసే ఎంజైమ్. ఈ కోలైలో కొంత భాగం విడి ముక్కలుగానే తయారవుతుంది, వేడి చేస్తే ఆ ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని ఆరుగా కూడుకుంటాయి. వేడి పెట్టాక పని తగ్గకుండా పెరగడం మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో పొరపాటు చేశాననే అనుకున్నాను.

ఇక హీటర్ దగ్గరికి వస్తాను.

బాక్సు తెరిచిన రోజు చాలా ముచ్చటేసింది. నల్లటి అల్యూమినియం బ్లాక్, ఆరు చదరపు గుంతలు, మోటారు తిప్పితే ఒక్కో గుంత వరసగా కాంతి దారిలోకి వచ్చి నిలబడుతుంది. కంట్రోలర్ మీద ఎర్ర అంకెలు. 25 నుంచి 85కి చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది, పర్వాలేదు. చేరాక అంకె 85.0 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది, అటూ ఇటూ ఒక పాయింటు కూడా కదల్లేదు. దాంతోపాటు ఒక కాలిబ్రేషన్ సర్టిఫికెట్, గుండ్రటి ముద్ర, సంతకం. ప్లస్ ఆర్ మైనస్ 0.2 డిగ్రీలు అని అందులో ఉంది. ఆ కాగితాన్ని నేను లామినేట్ చేయించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

కొలత సులభమే. క్యువెట్‌లో బఫర్ (పీహెచ్‌ను, అంటే పులుపును, నిలకడగా ఉంచే ద్రావణం), గ్లూటమేట్, దాని నుంచి ఊడే హైడ్రోజన్‌ను అందుకునే ఎన్ఏడీపీ పోస్తాం. వేడెక్కాక చిటికెడు ఎంజైమ్ వేస్తాం. ఎన్ఏడీపీ కాస్తా ఎన్ఏడీపీహెచ్ అవుతుంటే 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకోవడం పెరుగుతుంది. ఆ గీత ఎంత నిటారుగా లేస్తే ఎంజైమ్ అంత చురుకు. మొదటి గుంతలో ఫ్యూరియోసస్, మూడో గుంతలో లిటోరాలిస్, ఐదో గుంతలో మారిటిమా, వాటి పక్కన 2, 4, 6లో పోల్చి చూసుకోవడానికి ఎంజైమ్ లేని జోడీలు. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు. ఈ ఏర్పాటు చూసి నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మూడు నెలల పాటు ప్రతిసారీ లిటోరాలిస్ ముందుండేది. ఫ్యూరియోసస్ దానికంటే ఎనిమిదో వంతు వెనక. ఒకటి రెండుసార్లు కాదు, పదకొండుసార్లు అదే తేడా. అంత నిలకడగా వస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది కదా? నేను ఏకంగా ఒక కథ కూడా అల్లేశాను. 100 డిగ్రీలకు అలవాటుపడ్డ ఎంజైమ్ బిగుసుకుపోయి ఉంటుంది, 85 దగ్గర దానికింకా చలే, అందుకే బద్ధకిస్తోంది, అని. ఈ కథ పూర్తిగా అబద్ధమూ కాదు. మామూలు గది వేడిలో ఈ ఎంజైమ్‌లు నిజంగానే దాదాపు పడుకుని ఉంటాయి. వేడికి చెక్కుచెదరని బిగువే చల్లటి చోట వాటిని కదలనివ్వదంటారు. కాబట్టి నా కథ వినడానికి పద్ధతిగానే ఉంది. గైడ్ సార్‌కు చూపించాను.

సార్ కాగితాలు తిరగేసి ఒక్క మాట అన్నారు. "బాగుందమ్మా. ఒకే ఎంజైమ్‌ను ఆరు గుంతల్లోనూ పోసి చూశావా?"

చూడలేదు.

మర్నాడు చూశాను. ఒకే సీసాలోంచి తీసిన లిటోరాలిస్ ఎంజైమ్, ఒకే బఫర్, ఆరు క్వార్ట్జ్ క్యువెట్లు. ఆరు రకాల జవాబులొచ్చాయి. మధ్యలో 3, 4 ఎక్కువ. 2, 5 కాస్త తక్కువ. చివర్లలో 1, 6 బాగా తక్కువ. అప్పుడు పాత ప్రయోగాన్ని తిరగేసి, ఫ్యూరియోసస్‌ను మూడో గుంతలో, లిటోరాలిస్‌ను మొదటి గుంతలో పెట్టాను. ఈసారి ఫ్యూరియోసస్ పావు వంతు ముందుకొచ్చి కూర్చుంది. అంటే మూడు నెలలు నేను పోల్చింది ఎంజైమ్‌లను కాదు, గుంతలను.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెబితే ఆమె ఒక్క నిమిషంలో తేల్చేశారు. "పొంగనాల పెనం మీద నడిమివి మాడుతయి, అంచులవి తెల్లగనే ఉంటయి. గది తెల్వదా నీకు?" తెలుసు అత్తమ్మా. పెనం మీద తెలుసు. ఎర్ర అంకెలు, లామినేట్ చేసిన కాగితం ఉన్నచోట తోచలేదు.

ఆ శనివారమే కోఠి గుజరాతీ గల్లీకి పోయి వెంట్రుక అంత సన్నటి వైరున్న థర్మోకపుల్ (కొసతో వేడిని కొలిచే తీగ), దానికో చిన్న మీటరు కొన్నాను. వెయ్యి రూపాయల లోపే. షాపులో కుర్రాడు "ఓవెన్‌కా అక్కా?" అని అడిగాడు. అవునన్నాను, వివరించే ఓపిక లేక. ల్యాబ్‌కు తెచ్చి ముందు దాన్నే పరీక్షించాను. ఐస్ నీళ్లలో 0.2 చూపించింది. మరిగే నీళ్లలో 98.3 దగ్గర ఆగింది. మా అటెండర్ యాదన్న పక్కనుండి "వంద వస్తలేదు మేడం, వాపస్ ఇచ్చేయండి, ఖరాబు పీస్ ఇచ్చిండు" అన్నాడు. ఖరాబు కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 98 డిగ్రీలు దాటగానే మరుగుతాయి. ఆ లెక్కన వెయ్యి రూపాయల మీటరు కరెక్టు. లక్షా నలభై వేల వస్తువే ఇంకా పరీక్ష రాయాలి.

డిస్‌ప్లే మీద 85.0 పెట్టి, ఆరు క్యువెట్లలో నీళ్లు పోసి, టెఫ్లాన్ మూతలు పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి ఒక్కోదాన్లో వైరు దించి చూశాను. వరసగా 80.4, 82.2, 83.1, 83.0, 82.0, 79.6. ఒక్కటంటే ఒక్కటీ 85 లేదు. పెట్టిన వేడికీ చివరి గుంతకూ మధ్య ఐదు డిగ్రీల పైనే తేడా. గుంతకూ గుంతకూ మధ్య మూడున్నర. మామూలుగా ఎంజైమ్ పని పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఆ లెక్కన మొదటి గుంతకూ మూడో గుంతకూ మధ్య తేడా ఒక్కటే ఐదో వంతు తేడా తెచ్చిపెడుతుంది. నా లిటోరాలిస్ గెలుపంతా ఆ ఐదో వంతులోనే ఉంది. సరిదిద్ది లెక్కేస్తే ఆ వేడి దగ్గర ఇద్దరు చుట్టాలూ దాదాపు సమానం. ఎంజైమ్‌లను శుద్ధి చేయడం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి అసలు అంకెలు ఇక్కడ రాయను.

ఎందుకిలా? వేడిని కొలిచే సెన్సర్ ఉన్నది బ్లాక్ లోహంలో, మధ్యలో. అది చెప్పేది లోహం వేడి. క్యువెట్‌కూ గుంత గోడకూ మధ్య సన్నటి గాలి పొర ఉంది, గాలి వేడిని సరిగా అందనివ్వదు. క్యువెట్ పై భాగం బ్లాక్ బయటే ఉంటుంది, అక్కడినుంచి వేడి పోతూనే ఉంటుంది. చివరి గుంతలకు ఒక పక్క కూడా ఖాళీయే. గది 28, పెట్టింది 37 అయితే ఈ నష్టమంతా కలిపినా అరడిగ్రీ ఉండదు. నేను చూస్తే 37 దగ్గర నిజంగానే అన్ని గుంతలూ అరడిగ్రీ లోపే ఉన్నాయి. గదికీ బ్లాక్‌కూ మధ్య దూరం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. అదీ సంగతి.

అప్పుడు ఆ లామినేట్ కాగితాన్ని మళ్లీ చదివాను, ఈసారి చిన్న అక్షరాలతో సహా. 'పరీక్షించిన వేడి: 37.0. పరీక్షించిన స్థానం: 3.' అంతే. కంపెనీ అబద్ధం చెప్పలేదు. నేను చదవలేదు. బ్రోషర్ మీద మాత్రం '5 నుంచి 100 డిగ్రీల వరకు, ప్లస్ ఆర్ మైనస్ 0.2' అని రెండూ పక్కపక్కనే పెద్ద అక్షరాలతో వేశారు. చదివేవాడు రెంటినీ కలిపే చదువుకుంటాడని వాళ్లకు తెలియదా?

ఫోన్ చేస్తే సర్వీస్ ఇంజినీర్ నాలుగో రోజుకే వచ్చాడు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. పాతికేళ్ల కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. తన ప్రోబ్‌ను బ్లాక్‌లో ఉన్న పరీక్ష రంధ్రంలో పెట్టి "చూడండి మేడం, 85.1. మా మెషీన్ పర్ఫెక్ట్" అన్నాడు. క్యువెట్‌లో పెట్టి చూడమన్నాను. పెట్టాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "80 పైన వాడే కస్టమర్ మీరే ఫస్ట్ మేడం" అన్నాడు. నమ్ముతాను. ఆఫ్‌సెట్ (చూపించే వేడికీ అసలు వేడికీ ఉన్న తేడా) సరిచేసుకునే మెనూ చూపించాడు. అందులో ఒకే ఒక్క అంకె ఇవ్వగలం, ఆరు గుంతలకూ కలిపి. రెండు డిగ్రీలు కలిపితే మధ్య గుంత సరిపోతుంది, చివరివి అలాగే ఉంటాయి. ఒక్కో గుంతకు విడి అంకె ఇచ్చే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం పెద్ద పనేం కాదు. కనీసం గుంతలవారీ పట్టిక ఒకటి ముద్రించి ఇస్తే ఇంకా మంచిది. చెబుతానన్నాడు. పది నెలలైంది.

ఇంకొన్ని చిన్న విషయాలు. ఆరు గుంతలూ తిరగడానికి దాదాపు నలభై సెకన్లు పడుతుంది, అంటే ఒక్కో క్యువెట్‌ను నలభై సెకన్లకోసారే చూస్తాం. 85 దగ్గర ఎంజైమ్ పరుగు మొదటి నిమిషంలోనే అసలు విషయం చెప్పేస్తుంది. పైగా ఎన్ఏడీపీహెచ్ కూడా ఆ వేడికి నెమ్మదిగా పాడవుతుంటుంది, కాబట్టి ఆలస్యంగా చూసే గీతను నమ్మలేం. నిమిషంలో రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య గీత గీయడం ఏం లెక్క? ఫ్యాన్ చప్పుడు పిండిమర పక్కన కూర్చున్నట్టుంటుంది. కరెంటు పోయి వస్తే పాత సెట్టింగ్ గుర్తుండదు, 25కి పోయి కూర్చుంటుంది. ఏప్రిల్‌లో ఇది నాకు నాలుగుసార్లు జరిగింది, తర్వాత యూపీఎస్ పెట్టుకున్నాను. వానాకాలంలో 10 డిగ్రీలకు చల్లబరిస్తే క్యువెట్ గోడల మీద చెమట పట్టి కొలత పాడవుతుంది. నాకు చల్లదనంతో పనిలేదు కాబట్టి ఆ గొడవలోకి పోలేదు. ప్లాస్టిక్ క్యువెట్లు ఈ వేడికి వద్దు, మెత్తబడి గుంతలో ఇరుక్కుంటాయి. ఒకటి ఇరుక్కుంది కూడా, యాదన్న పట్టకారుతో పీకాడు.

హీటర్ తప్పు కాని గొడవ ఒకటుంది, మాన్యువల్‌లో ఒక్క వాక్యం రాసినా చాలామంది బతికిపోతారు కాబట్టి చెబుతున్నా. ట్రిస్ బఫర్ వాడేవాళ్లు గది వేడిలో పీహెచ్ 8 పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ట్రిస్ పీహెచ్ 0.028 చొప్పున పడిపోతుంది. 25 నుంచి 85కి పోతే పీహెచ్ 8 కాస్తా 6.3 అవుతుంది. అంటే మనం వేడిని మారుస్తున్నామనుకుంటూ పులుపును కూడా మారుస్తున్నాం. నేను ఈపీపీఎస్ బఫర్‌కు మారాను. అదీ పడిపోతుంది, కాకపోతే ట్రిస్ పడేదానిలో సగమే. ఆ సగాన్ని కూడా లెక్కేసి గది వేడిలోనే కాస్త ఎక్కువ పెట్టి కలుపుకుంటాను. బఫర్‌ను ముందే వేడిచేసి అందులోని గాలి పోనివ్వకపోతే క్యువెట్ గోడలకు బుడగలు పట్టి గీత ముళ్లకంపలా వస్తుంది. ఇదీ ఎవరూ చెప్పరు.

ఇంతా తిట్టి ఈ హీటర్‌ను ఇంకా వాడుతున్నావా అంటే, వాడుతున్నాను. రోజూ. మూడో గుంత ఒక్కటే వాడతాను. డిస్‌ప్లే మీద 87 పెడితే మూడో గుంతలో నాకు కావలసిన 85 వస్తుంది, వెయ్యి రూపాయల వైరు ప్రతి పూట సాక్ష్యం చెబుతుంది. మూడు ఎంజైమ్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి అదే గుంతలో, అదే క్యువెట్‌లో కొలుస్తాను. అప్పుడు క్యువెట్ ఎటూ తిరగక్కర్లేదు, సెకనుకో చుక్క వస్తుంది, గీత నిటారుగా, నున్నగా వస్తుంది. ఆరు గుంతలకు డబ్బు కట్టి ఒక గుంతతో కాపురం చేస్తున్నాను. ఒక్క గుంత ఉన్న మోడల్ ఇదే కంపెనీది ఇందులో సగం ధరకే ఉందని తర్వాత తెలిసింది. కొటేషన్ ఇచ్చిన డీలర్ దాని ఊసే ఎత్తలేదు.

ఈ పద్ధతిలో తేలిన వాటిలో నాకు బాగా నచ్చింది చురుకు సంగతి కాదు, ఓర్పు సంగతి. చురుకులో చుట్టాలిద్దరూ పక్కపక్కనే ఉన్నా, మరిగే వేడిలో గంటలకొద్దీ నిలబెట్టి తర్వాత కొలిస్తే దారులు విడిపోతాయి. ఫ్యూరియోసస్ ఎంజైమ్ 100 డిగ్రీల దగ్గర సగం పని పోగొట్టుకోవడానికి పది గంటలకు పైనే పడుతుందని ఎప్పుడో 90ల్లోనే కొలిచి పెట్టారు. లిటోరాలిస్‌ది అంత ఓర్చుకోలేదు. రెండింటి అమైనో ఆమ్లాల వరుస చూస్తే కవలల్లా ఉంటాయి, ఐనా ఇంత తేడా. దీనికి జవాబు 1995లో ఫ్యూరియోసస్ ఎంజైమ్ ఆకారం బయటపడ్డప్పుడు దొరకడం మొదలైంది. ఆరు ముక్కలు కలిసే అతుకుల దగ్గర ధన, రుణ ఆవేశాలున్న అమైనో ఆమ్లాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలలా అల్లుకున్నాయి, ఒక్కో పెద్ద వలలో 18 దాకా. లిటోరాలిస్‌లో ఆ వల అక్కడక్కడా తెగి ఉంది. 1998లో కొందరు ఆ తెగినచోట రెండు ఆమ్లాలు మార్చి చూశారు. ఒక్కోదాన్ని విడిగా మారిస్తే ఎంజైమ్ బలపడకపోగా ఇంకా బలహీనపడింది. రెండూ ఒకేసారి మారిస్తే 104 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు ఎక్కువ నిలిచింది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవని మనవాళ్లు ఊరికే అనలేదు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా ఫోన్లు కింద పెట్టారు, అది నాకు పీహెచ్‌డీ వచ్చినంత పని.

ఆ ఓర్పు పరీక్ష ఈ హీటర్‌లో చేయలేం, చేయకండి. 100 వరకు పోతుందని బ్రోషర్ చెప్పినా, మన ఊళ్లో 98 దాటితే క్యువెట్‌లో నీళ్లు మరిగి మూత ఎగురుతుంది. నేను మర మూతలున్న చిన్న సీసాల్లో ఎంజైమ్ పెట్టి, గ్లిసరాల్ కాచిన పాత్రలో ముంచి ఉంచుతాను. గంటకొక సీసా తీసి, ఐస్‌లో చల్లార్చి, మూడో గుంతకు తెస్తాను. ఆ గ్లిసరాల్ పాత్ర కింద ఉన్నది మా హాస్టల్ వంటింటి నుంచి వచ్చిన పాత ఇండక్షన్ స్టవ్. దాని గురించి విడిగా ఒక రివ్యూ రాయాలి, ఐదు చుక్కలు ఇస్తాను.

దీనికి మాత్రం రెండున్నర. తయారీ గట్టిది, పద్నాలుగు నెలల్లో పెల్టియర్ ఒక్కరోజు కూడా మొరాయించలేదు, సర్వీసు మనుషులు ఫోన్ ఎత్తుతారు. దానికి మూడున్నర ఇచ్చేదాన్ని, ఆ బ్రోషర్‌కు ఒకటి కోసేశాను. మెడికల్ కాలేజీలు, సీరం శాంపిళ్లు 37 దగ్గర చూసుకునేవాళ్లు ధైర్యంగా కొనండి, ఆరు గుంతలూ వాడుకోండి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వస్తాయి, సింగరేణి వాళ్లు ఆ వేడితో 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు కూడా పెట్టారు. ఆ నీళ్లలో ఎవరుంటారో చూద్దామని నా స్టూడెంట్లు ఇద్దరు ఉబలాటపడుతున్నారు. వాళ్లకూ, వాళ్లలాంటి వాళ్లకూ చెప్పేది ఇది: ఒక గుంత మోడల్ తీసుకోండి, మిగిలిన డబ్బుతో మంచి క్వార్ట్జ్ క్యువెట్ ఒకటి కొనండి. కొనేముందు డీలర్‌ను మీరు వాడే వేడి దగ్గర, మీ క్యువెట్‌లో నీళ్లు పోసి, మీ కళ్లముందు కొలిచి చూపించమనండి. కుదరదంటే మీ వైరు మీరు తీసుకెళ్లండి. గుజరాతీ గల్లీలో ఎడమవైపు రెండో సందు, బేరమాడితే యాభై తగ్గిస్తాడు.